ఎండ ఎక్కకముందే నీళ్లు దిగాలి

తెల్లవారుజామున నాలుగున్నర. రాత్రంతా కురిసిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. సెప్టెంబరు ఆఖరి వారం, హైదరాబాద్ పడమటి శివారు, రాతిగుండ్ల నడుమ పరుచుకున్న గోల్ఫ్ కోర్సు. నుదుటికి లైటు కట్టుకుని మేస్త్రీ ముందు నడుస్తున్నాడు, వెనకాల మీరు. అడుగు తీసిన ప్రతిసారీ గమ్‌బూటు వదిలిన గుంటలోకి నీళ్లు ఊరుతున్నాయి.

"అంచు మీదికెల్లి రాండి సార్, నడుమ తొక్కకుండ్రి," అంటాడు వెనక్కి తిరక్కుండానే.

తడిసిన నేల మీద మనిషి బరువు కూడా ఎక్కువే. మట్టి రేణువుల మధ్య సందుల్లోంచే వేళ్లకు గాలి అందుతుంది. తడి మీద చక్రం పడితే ఆ సందులు నొక్కుకుపోతాయి, నేల ఆరాక కూడా తెరుచుకోవు. అందుకే బండ్లు తిరిగే దారికి అడ్డంగా అప్పుడే తాడు కట్టేశారు. బంకర్లనే ఇసుక గుంతల్లో గోడల మీది ఇసుక కిందికి జారి, లోపలి ఎర్రమట్టి కనిపిస్తోంది. మేస్త్రీ దానికేసి ఒక్క చూపు చూసి వదిలేస్తాడు. ఇసుకను మధ్యాహ్నం పారలతో ఎగదోసుకోవచ్చు. గడ్డి అంతవరకూ ఆగదు.

బంతిని గుంతలోకి దొర్లించే కురచ గడ్డి మడిని గ్రీన్ అంటారు. మూడో గ్రీన్ దగ్గర ఆగుతారు. పల్లపు అంచున మంచమంత మేర నీళ్లు నిలిచి, లైటు పడగానే మెరుస్తున్నాయి. మీరు వంగి చూస్తారు. మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించని గడ్డి, పూర్తిగా మునిగి ఉంది. ఇది మన గరికకు దగ్గరి చుట్టం. వినాయక చవితికి తెంపుకొచ్చే గరికకూ ఒక ఆఫ్రికా గడ్డికీ కలిగిన సంకరం నుంచి వచ్చిన టిఫ్‌డ్వార్ఫ్ రకం, అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్ పరిశోధన కేంద్రం 1965లో విడుదల చేసింది. దీనికి విత్తనం కట్టదు, తీగ ముక్కలు నాటే పెంచాలి. అంటే గ్రీన్ మీదున్నదంతా ఒకే మొక్కకు ప్రతులు. జబ్బుకు ఒక మూల లొంగితే మిగతా మూలలు తట్టుకుంటాయన్న భరోసా ఉండదు.

నలుగురు కుర్రాళ్లు పొడుగు కర్రల రబ్బరు వైపర్లు పట్టుకుని వరుసగా నిలబడతారు. నీళ్లను గ్రీన్ దాటించి బయటి వాలు వైపు నెడతారు. లాగడం లేదు, గీకడం లేదు, పైపైన తోస్తున్నారంతే. గట్టిగా అదిమితే మెత్తబడ్డ తీగలు లేచొస్తాయి.

"ఎనిమిదికి ఎండొస్తదా అన్నా?" అడుగుతాడొక కుర్రాడు.

"వస్తదనే కదరా ఈ ఉరుకులాట."

వానకన్నా, వాన వెలిసిన వెంటనే కాసే ఎండకే ఇక్కడ అందరూ ఎక్కువ భయపడతారు. నిలిచిన పలచటి నీటిపొర ఎండకు వేడెక్కితే దాని కింది గడ్డి ఉడికిపోతుంది. నీళ్లు తోసేశాక కూడా గండం గడిచినట్టు కాదు. వేళ్ల చుట్టూ గాలి లేకపోతే అవి నీళ్లు పీల్చలేవు. బురదలో నిలబడి కూడా ఆకు దాహంతో వడలిపోతుంది. ఆ వడలిన ఆకు చూసి గొట్టం తిప్పి తడిపేవాళ్లున్నారు. గడ్డిని చంపడానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

మేస్త్రీ జానెడు ఇనుప గొట్టాన్ని గ్రీన్‌లోకి దించి, మెలిపెట్టి, పైకి లాగుతాడు. వచ్చిన ఇసుక కడ్డీని మీ చేతిలో పెడతాడు. తెల్లటి వేళ్లు సగం దాకా దిగి ఉన్నాయి. "వాసన చూడుండ్రి." తడి ఇసుక వాసనే. కుళ్లిన గుడ్ల కంపు కొట్టి, మధ్యలో నల్లటి చార కనిపిస్తే లోపల గాలి ఆడడం లేదని అర్థం. ఆయన మొహంలో బిగువు సడలుతుంది.

ఈ గ్రీన్ కింద ముప్పై సెంటీమీటర్ల ఇసుక, దాని కింద పది సెంటీమీటర్ల కంకర, కంకర కింద నీళ్లు పోయే పైపులు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ఆధారంగా వచ్చిన అమరిక. సన్న ఇసుక కింద ముతక కంకర ఉంటే, తడి స్పాంజి లాగా ఇసుక కొంత నీటిని తనలోనే పట్టి ఉంచుతుంది. బరువు హద్దు మీరాకే కిందికి వదులుతుంది. వేసవిలో గడ్డిని కాపాడేది ఆ పట్టే. ఇలాంటి వరస వానల్లో మాత్రం పైపు బయటి మూతి దగ్గర ఒక్క ఆకుల గుత్తి అడ్డుపడినా స్పాంజి నిండే ఉంటుంది. మేస్త్రీ ఆ మూతి దగ్గర కూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టి చెత్త లాగుతాడు. బుడబుడమని నీళ్లు దూకుతాయి.

ఆరున్నరకు తెల్లారింది గానీ వెలుగు మందంగా ఉంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటినా, నీళ్లందితే చాలు, ఈ జాతి గడ్డి పొంగిపోతుంది. దాన్ని కుంగదీసేది మబ్బే. రోజుల తరబడి ఎండ లేకపోతే, కురచగా కోసిన ఆకు వేళ్లకు తిండి వండలేదు. పలచబడ్డ చోట నాచు పేరుకుంటుంది. ఏడో గ్రీన్ నీడ పక్కన అప్పటికే అరచేయంత జారుడు మరక. దాని పక్కనే గడ్డి మీద సాలెగూడు లాంటి తెల్లటి బూజు. మేస్త్రీ చుట్టూ నాలుగు గుర్తుకర్రలు పాతుతాడు. ఈ బూజు మీదుగా కోత మిషన్ వెళ్లిందంటే చక్రాలే దాన్ని మిగతా గ్రీన్లకు మోసుకుపోతాయి.

గ్రీన్ దాకా పరుచుకున్న ఫెయిర్‌వే పచ్చిక అంచున ఆడవాళ్లు వరుసగా కూర్చుని తుంగ తీస్తున్నారు. నేల నానిన రోజునే గడ్డతో సహా ఊడి వస్తుంది. "మీద తెంపితే ఏం లాభం బిడ్డా, గడ్డ రావాలె," అంటూ ఒకామె వేలితో తవ్వి నల్లటి గడ్డను చూపిస్తుంది. ఇంత వానలో ఈ ఒక్క పనికి మాత్రం అదను కుదిరింది.

ఎనిమిదవుతుండగా షెడ్డు దగ్గర సూపరింటెండెంట్ ఫోనులో మాట్లాడుతున్నారు. అవతల ఆడడానికి ఎదురుచూస్తున్న సభ్యుడు. "నడిచి ఆడండి సార్, అదీ పదకొండు తరవాత. బండ్లు ఇవ్వలేను." ఫోను పెట్టేసి బోర్డు మీద రాస్తారు. ఈ రోజు గ్రీన్ల కోత లేదు. నేల ఆరాక కోత ఎత్తు అర మిల్లీమీటరు పెంచాలి. నత్రజని ఎరువు ఆపాలి, మబ్బుల్లో బలవంతంగా పెరిగిన లేత ఆకు బూజుకు సులువుగా దొరుకుతుంది. ఇసుక గట్టిపడ్డాక సన్న ఇనుప పుల్లల మిషన్‌తో రంధ్రాలు పొడవాలి. గడ్డి తనంతట తానే కోలుకుంటుందని నమ్మి చేతులు కట్టుకోవడం కూడా ఈ వృత్తిలో పనే, అన్నిటికన్నా కష్టమైన పని. కోయకపోతే బంతి నెమ్మదిగా దొర్లుతుంది, నాలుగు మాటలు పడాల్సి వస్తుంది. పడాల్సిందే.

మబ్బు చీల్చుకుని ఎండ పడింది. మూడో గ్రీన్ మీద మెరిసే నీళ్లు లేవు. మిషన్ నడిపే కుర్రాడు బ్లేళ్లు తుడుస్తూ అడుగుతాడు: "మరి రేపు మిషన్ తీయాల్నా అన్నా?"

"పొద్దుగాల తొక్కి చూసి చెప్త," అంటాడు మేస్త్రీ.