'దివాన్': ఒక మాట చెప్పే చరిత్ర

చరిత్రకారుడికి శాసనాలు, నాణేలు మాత్రమే కాదు, మాటలు కూడా ఆధారాలే. ఉదాహరణకు 'దివాన్' అనే చిన్న మాటను పరిశీలించండి.

ఇది పారశీక పదం. అరబ్బీలోకి వెళ్లి, ఖలీఫా ఉమర్ (634-644) కాలంలో సైనికుల పేర్లు, భత్యాలు నమోదు చేసే పట్టికకు పేరయింది. తరువాత ఆ పట్టిక ఉండే కచేరీని కూడా దివాన్ అన్నారు. ఉస్మానీ తురుష్కుల రాజ్యంలో మంత్రుల సభకు అదే పేరు. ఆ సభలో గోడ పక్కన వేసే మెత్తని ఆసనమే నేడు మన ఇళ్లలోని దివాన్. మధ్యధరా వర్తకుల ద్వారా ఈ పదం ఇటాలియన్‌లో 'దొగానా', ఫ్రెంచిలో 'దువాన్' అయింది. ఈ రెండింటికీ అర్థం సుంకాల కచేరీ.

మొగలుల పాలనలో దివాన్ అంటే రాబడి వ్యవహారాలు చూసే అధికారి. 1765లో చక్రవర్తి రెండవ షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల 'దివానీ'ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఇచ్చింది సింహాసనం కాదు, శిస్తు వసూలు హక్కు. అయితే ఆ శిస్తుతోనే కంపెనీ సరుకులు కొన్నది, సైన్యాన్ని పోషించింది. 1770 నాటి కరువులోనూ వసూళ్లు ఆపలేదు.

హైదరాబాదులో మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు దివాన్‌గా ఉన్నాడు. తెలుగులో ప్రభువుల కచేరీ 'దివాణం' అయింది.

అర్థాలు ఎన్ని మారినా, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదేనని ఈ మాట గుర్తుచేస్తుంది.

అభ్యాసం: 'దివాణం' అనగానే ఏమి గుర్తుకొస్తుందో మీ ఊరి పెద్దలను అడిగి రాసుకోండి. వారు ముందుగా చెప్పేది న్యాయం గురించా, శిస్తు గురించా, గమనించండి.