లాక్-ఫే

లాక్-ఫే (ఎన్-లాక్టోయిల్-ఫెనిలాలనిన్) అనునది వ్యాయామ సమయంలో శరీరంలో అధికమయ్యే ఒక రసాయన పదార్థము. ఇది జంతువులలో ఆకలిని తగ్గిస్తుందని 2022లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది.

ఏర్పడే విధానము

తీవ్రంగా శ్రమించినపుడు కండరాలు గ్లూకోజును వేగంగా వినియోగించుట వలన రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది. ఈ లాక్టేట్, మాంసకృత్తుల నుండి లభించే ఫెనిలాలనిన్ అనే అమైనో ఆమ్లముతో కలిసి లాక్-ఫే ఏర్పడుతుంది. సీఎన్‌డీపీ2 అనే ఎంజైము ఈ చర్యను జరుపుతుంది.

ఆకలిపై ప్రభావము

కొవ్వు అధికంగా గల ఆహారంతో స్థూలకాయము వచ్చిన చిట్టెలుకలకు లాక్-ఫేను సూది ద్వారా ఇచ్చినపుడు, 12 గంటలలో అవి తిన్న ఆహారము దాదాపు సగానికి తగ్గింది. నోటి ద్వారా ఇచ్చినపుడు, సన్నని చిట్టెలుకలకు సూది ద్వారా ఇచ్చినపుడు ఈ ఫలితము కనిపించలేదు.

మానవులలో

మానవులలో దీని పరిమాణము వేగపు పరుగు తరువాత అత్యధికంగాను, బరువులెత్తే వ్యాయామము తరువాత కొంత తక్కువగాను, దీర్ఘకాలపు మితవ్యాయామము తరువాత ఇంకా తక్కువగాను పెరిగింది. మధుమేహ ఔషధమైన మెట్‌ఫార్మిన్ కూడా దీనిని పెంచుతుందని 2024లో తెలిసింది.

అయితే వ్యాయామ ప్రయోజనము ఆకలి తగ్గుటకే పరిమితము కాదు. లాక్-ఫేను అంతగా పెంచని నడక కూడా రక్తపోటును, రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచుటకు తోడ్పడుతుంది.