కొలెస్ట్రాల్ పరీక్ష, మందులు: నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతం

రక్తంలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఎంతెంత ఉన్నాయో చెప్పే పరీక్షను లిపిడ్ ప్రొఫైల్ అంటారు. జనం వాడుకలో అది కొవ్వు పరీక్ష. ఫలితం ఎక్కువ వచ్చినవారికి, అంతకన్నా ముఖ్యంగా గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉన్నవారికి ఇచ్చే మందుల్లో స్టాటిన్లది మొదటి స్థానం. నంద్యాల, ఆళ్ళగడ్డ మందుల షాపుల్లో ఇవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మాత్రలుగానూ, ఆస్పిరిన్‌తో కలిపిన గొట్టం మాత్రలుగానూ దొరుకుతాయి. రెండు మందులూ ఒకే గొట్టంలో ఉండటంతో ‘రక్తం పలచబడే మాత్ర’, ‘కొవ్వు మాత్ర’ ఒకటేననుకునేవారు చాలామంది. ఆస్పిరిన్ పని రక్తం గడ్డకట్టకుండా చూడటం. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించడం స్టాటిన్ పని.

పూర్వ చరిత్ర

ఆయుర్వేదం మేదస్సును సప్తధాతువుల్లో ఒకటిగా లెక్కించి, దాని వికారాలకు గుగ్గులు వాడమంది. అక్కడి నుంచి 18వ శతాబ్దం దాకా చెప్పుకోదగ్గది లేదు. ఆ శతాబ్దంలో ఫ్రాన్సులో పిత్తాశయపు రాళ్ళ నుంచి మైనంలాంటి తెల్లని పదార్థాన్ని వేరుచేశారు. 1815 ప్రాంతంలో షెవ్రోల్ అనే రసాయనవేత్త దానికి పేరు పెట్టాడు. 1910లో జర్మన్ రసాయనవేత్త విండాస్ వ్యాధి సోకిన బృహద్ధమని గోడల్లో ఈ పదార్థం మామూలు కంటే ఎన్నో రెట్లు పేరుకుని ఉందని చూపాడు. 1913లో రష్యాలో అనిచ్కోవ్ కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి ధమనుల్లో పూడిక తెప్పించాడు. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 5,209 మందితో మొదలైన పరిశీలన, 1961 నాటికి కొలెస్ట్రాల్‌ను గుండెజబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది.

ప్రయోగశాలల్లో మొదట చాలాకాలం లీబెర్మన్–బుర్చార్డ్ పద్ధతే నడిచింది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వచ్చిన ఆకుపచ్చ రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క కట్టేవారు. 1974లో ఎంజైముల పద్ధతి వచ్చాక పరీక్ష సులువైంది, చవకైంది. చిన్న ఊళ్ళ ల్యాబుల్లో ఇవాళ తిరిగే యంత్రాలు ఈ పద్ధతి మీద నడిచేవే. అంతకు రెండేళ్ళ ముందు, 1972లో, ఫ్రీడ్‌వాల్డ్ బృందం ఒక సూత్రం ఇచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్)ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్). చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ అంకె నేరుగా కొలిచింది కాదు, ఈ తీసివేతలో తేలిందే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు.

స్టాటిన్ల కథ

1971లో జపాన్‌లోని సాంక్యో కంపెనీలో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త బూజుల్లో కొలెస్ట్రాల్ మందు కోసం వెతకడం మొదలుపెట్టాడు. బూజులు తోటి సూక్ష్మజీవులను చంపేందుకు వాటి కొలెస్ట్రాల్‌లాంటి పదార్థాల తయారీని అడ్డుకుంటూ ఉండవచ్చన్నది ఆయన ఊహ. సుమారు ఆరు వేల రకాలు పరీక్షించాక, 1973లో, క్యోటోలోని ఒక ధాన్యపు కొట్టు బియ్యం మీద పెరిగిన పెనిసిలియం బూజులో కాంపాక్టిన్ దొరికింది. ఎలుకల మీద అది పనిచేయలేదు. కంపెనీ దాదాపు వదిలేసిన దశలో, గుడ్లు పెట్టే కోళ్ళ మీద ప్రయత్నిస్తే కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. కుక్కల్లో కణితుల అనుమానంతో 1980లో సాంక్యో ఆ మందును ఆపేసింది. ఎండో ఓపిక మెచ్చదగినది, ఫలితం మాత్రం ఇతరులకు దక్కింది. అమెరికాలోని మెర్క్ కంపెనీ 1978లో ఆస్పర్జిల్లస్ బూజు నుంచి లోవాస్టాటిన్‌ను తీసింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన తొలి స్టాటిన్ అదే. ఎండో 2024 జూన్‌లో మరణించాడు.

అదే కాలంలో అమెరికాలోని డల్లాస్‌లో గోల్డ్‌స్టీన్, బ్రౌన్ ఎల్‌డీఎల్ గ్రాహకాన్ని కనిపెట్టారు, 1985లో నోబెల్ అందుకున్నారు. కాలేయంలో తయారీ తగ్గితే, కాలేయం తన పై పొర మీద ఎక్కువ గ్రాహకాలు తెరిచి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. స్టాటిన్ గుట్టు ఇక్కడే ఉంది. అంకె తగ్గితే ప్రాణం నిలుస్తుందా అన్న సందేహాన్ని 1994లో స్కాండినేవియా దేశాల పరిశోధన తీర్చింది. 4,444 మంది గుండెజబ్బు రోగుల్లో సుమారు అయిదున్నరేళ్ళలో సిమ్వాస్టాటిన్ తీసుకున్నవారిలో 182 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 256 మంది చనిపోయారు. బ్రూస్ రాత్ తయారుచేసిన అటోర్వాస్టాటిన్ 1997లో, రోసువాస్టాటిన్ 2003లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. మధ్యలో ఒక దెబ్బా తగిలింది: కండరాలు కరిగిపోయి మరణాలు సంభవించడంతో సెరివాస్టాటిన్‌ను 2001 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. స్టాటిన్లంటే ఇప్పటికీ మిగిలిన భయానికి ఆ ఘటనే ఒక మూలం.

గుగ్గులు మళ్ళీ వెలుగులోకి వచ్చింది కూడా ఈ యుగంలోనే. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.సత్యవతి చేసిన పరిశోధన ఆధారంగా లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులిపిడ్ మందును రూపొందించింది. అయితే 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో గుగ్గులు తీసుకున్నవారికి ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది.

హైదరాబాదు వాటా

1970 పేటెంటు చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. 2005 వరకు ఈ ఏర్పాటు నడవడంతో, అమెరికాలో పేటెంటు సాగుతుండగానే అటోర్వాస్టాటిన్ మన దేశంలో చౌకగా తయారైంది. హైదరాబాదు మందుల పరిశ్రమకు పునాది అక్కడి ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. సొంత మందు కనిపెట్టాలన్న ఆయన పట్టుదల కొలెస్ట్రాల్ దాకా వెళ్ళింది. ఆ కంపెనీ రూపొందించిన రాగాగ్లిటజార్ చక్కెరనూ రక్తంలోని కొవ్వులనూ ఒకేసారి తగ్గించేది. డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ దాన్ని చేపట్టి పెద్ద ప్రయోగాల దాకా తీసుకెళ్ళింది. 2002లో ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2006 జూన్‌లో సిమ్వాస్టాటిన్ పేటెంటు తీరినప్పుడు, మెర్క్‌తో ఒప్పందం మీద అమెరికాలో దాని జెనెరిక్‌ను అమ్మింది ఈ హైదరాబాదు కంపెనీయే.

జొన్న, నూనె

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లో ఏర్పడింది. నల్లరేగడికి తగిన జొన్న, కొర్ర, పొద్దుతిరుగుడు వంగడాలు అక్కడి నుంచి వచ్చాయి. సూర్యనంది కొర్ర అక్కడిదే. జొన్నకూ కొలెస్ట్రాల్ మందుకూ ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. జొన్నే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా జబ్బు ఎందుకొస్తుందో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో వివరించారు. ఆ జబ్బుకు మందు నియాసిన్ అనే విటమిన్. అదే నియాసిన్‌ను గ్రాముల లెక్కన ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గుతుందని 1955లో కెనడాలో తేలింది. స్టాటిన్లు రాకముందు అది పేరున్న మందు, ఇప్పుడు దాదాపు పక్కకు పోయింది.

1970ల నుంచి పొద్దుతిరుగుడు దేశంలో విస్తరించింది, అప్పటి కర్నూలు జిల్లా దానికి పెద్ద కేంద్రమైంది. బుడ్డల (వేరుశనగ) నూనె వాడే ఇళ్ళలోకి పొద్దుతిరుగుడు నూనె చేరింది. ‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అన్న ప్రకటన అబద్ధం కాదు, గొప్పా కాదు. గింజ నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. అసలు చెడు వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వులది. వాటిపై పోషకాహార సంస్థలో గఫూరున్నిసా చేసిన పరిశోధన విలువైనది. 2022 జనవరి నుంచి నూనెల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదన్న నియమం అమల్లో ఉంది. పొద్దున్నే ఉగ్గానితో నంజుకునే మిరపకాయ బజ్జీల విషయంలో, ఏ నూనె అన్నదానికంటే ఆ నూనె ఎన్నిసార్లు మరిగిందన్న ప్రశ్నే ముఖ్యం.

ఫలితాన్ని చదవడం

రిపోర్టులో ఒక వరుస ఫలితం, పక్కనే ‘నార్మల్ రేంజ్’. హద్దు దాటిన అంకెను లావు అక్షరాల్లో అచ్చువేస్తారు, చూపు ముందు అక్కడికే పోతుంది. సాధారణంగా రాసే హద్దులు (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) ఇవి: మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు, ఎల్‌డీఎల్ 100 లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, హెచ్‌డీఎల్ మగవారికి 40కి, ఆడవారికి 50కి పైన.

ఈ హద్దులు అందరికీ ఒకటి కావు. షుగర్ ఉన్న ఒక మధ్యవయస్కుడి రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 188, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 230 అనుకుందాం. ‘రెండొందల లోపే ఉంది, ఏం లేదులే’ అని కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం సహజం. లెక్క కడితే ఎల్‌డీఎల్ 108. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌ను తీసేసిన నాన్-హెచ్‌డీఎల్ 154. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024 జూలైలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం షుగర్ లేదా బీపీ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 100 లోపు ఉండాలి. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ 55 లోపు. అంటే ఈయనకు మందు అవసరమే. మరో పక్క, ఏ ముప్పూ లేని పాతికేళ్ళ కుర్రాడికి ఎల్‌డీఎల్ 125 వస్తే మాత్రలతో పని ఉండకపోవచ్చు. ఒకే అంకె ఒకరికి మామూలు, ఇంకొకరికి ప్రమాదం. లావు అక్షరాలు ఈ తేడా చెప్పవు.

తక్కువ హెచ్‌డీఎల్, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు మనవాళ్ళలో బాగా కనిపించే తీరు. దేశవ్యాప్త ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే 2023లో ప్రచురించిన లెక్కల్లో పెద్దవాళ్ళలో 81.2 శాతం మందికి ఏదో ఒక కొవ్వు తేడాగా ఉంది, మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు 24 శాతమే. మొత్తం అంకె ఒక్కటే చూసుకుని ధైర్యపడితే ఇక్కడ మోసపోతాం. హెచ్‌డీఎల్‌ను మందుతో పెంచబోయిన ప్రయత్నమూ ఫలించలేదు. ఫైజర్ వారి టోర్సెట్రాపిబ్ దాన్ని బాగా పెంచినా మరణాలు ఎక్కువవడంతో 2006 డిసెంబరులో ఆపేశారు.

ఆళ్ళగడ్డ నుంచి 40 కిలోమీటర్ల దూరాన ఉన్న నంద్యాలకు పరగడుపున బస్సెక్కి రావడం చాలామందికి అలవాటు. తొలి పరీక్షకు ఇప్పుడు పరగడుపు తప్పనిసరి కాదు. తిన్నాక తీసినా ఎల్‌డీఎల్ పెద్దగా మారదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితేనే పరగడుపున మళ్ళీ చేయించాలి. థైరాయిడ్ తక్కువైతే ఎల్‌డీఎల్ పెరుగుతుంది కనుక దాన్నీ చూడాలి. గుండెపోటు వచ్చిన ఒకటి రెండు రోజుల తర్వాత కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పడిపోతుంది. ఆ అంకె చూసి మందు అక్కర్లేదనుకోకూడదు. కువైట్ నుంచి వచ్చినవారి రిపోర్టుల్లో 5.2 లాంటి చిన్న అంకెలు ఉంటాయి. అవి మిల్లీమోల్ లెక్కలు; కొలెస్ట్రాల్‌కు 38.67తో హెచ్చిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో చిన్నవయసు గుండెపోట్లు ఉంటే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. మేనరికాలు ఎక్కువున్న చోట ఇది మరింత తీవ్రంగా పిల్లల్లో బయటపడే అవకాశం ఉంది.

అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఎల్‌డీఎల్‌ను మూడో వంతుకు పైగా తగ్గిస్తాయి. ఆ మోతాదును రెట్టింపు చేస్తే అదనంగా దక్కేది సుమారు 6 శాతం. అందుకే ఒక హద్దు దాటాక వైద్యులు ఎజెటిమైబ్ అనే మరో మందు జోడిస్తారు. ఎల్‌డీఎల్ 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు అయిదో వంతు తగ్గుతాయని అనేక ప్రయోగాల ఉమ్మడి లెక్క. మందు ప్రభావం నాలుగు నుంచి పన్నెండు వారాల్లో రిపోర్టులో కనబడుతుంది. అంకె తగ్గిందని మాత్ర మానేస్తే కొద్ది వారాల్లో మళ్ళీ మొదటికొస్తుంది. ఒళ్ళునొప్పుల విషయంలో 2020లో ఇంగ్లండులో ఒక ఆసక్తికరమైన పరిశీలన జరిగింది: నొప్పులతో స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక నెల స్టాటిన్, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏదీ లేకుండా మార్చి మార్చి చూస్తే, ఆ బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. నిజంగా కండరాలు దెబ్బతినేవారు అరుదుగా ఉంటారు; మూత్రం ముదురు రంగుకు మారితే వెంటనే వైద్యుణ్ణి కలవాలి. చక్కెర కొద్దిగా పెరిగే అవకాశం ఉంది. గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.

వైద్య సదుపాయాలు

కర్నూలు వైద్య కళాశాల 1956లో ఏర్పడింది. దశాబ్దాల పాటు నంద్యాల వైపు గుండె రోగులకు పెద్ద దిక్కు ఆ ఆసుపత్రే. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, ఆ తర్వాత పేర్లు మారుతూ సాగినా, స్టెంటు, బైపాస్‌లను పేదలకు అందించింది. అలా వచ్చిన డిశ్చార్జి కాగితాలతోనే స్టాటిన్ ఎన్నో పల్లెటూళ్ళకు తొలిసారి చేరింది. 104 వాహనాలు నెలకోసారి ఊళ్ళకు వచ్చి బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చేవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది, ఆళ్ళగడ్డ ఆ జిల్లాలో చేరింది. 2023 సెప్టెంబరు 15న నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అటోర్వాస్టాటిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉండటంతో దాని ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. జనౌషధి దుకాణాల్లో ఇంకా చవక.

ఏడాదికి రెండు ఇంజెక్షన్లతో పనిచేసే ఇంక్లిసిరాన్ వంటి కొత్త మందులు ఖరీదైనవి. 2024 మార్గదర్శకాలు ప్రతి పెద్దవారూ జీవితంలో ఒక్కసారైనా లైపోప్రోటీన్-ఏ పరీక్ష చేయించుకోవాలన్నాయి. అది పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు, స్టాటిన్‌తోనూ తగ్గదు. దాని అంకె 50 దాటితే మిగతా ముప్పులను మరింత గట్టిగా అదుపు చేయడమే ప్రస్తుతానికి ఉన్న చికిత్స.