నాన్నగారు యుద్ధమునకు పోయిన నాళ్లు

నేడు విజయవాడ యనుచున్న పట్టణమును మేము బెజవాడ యనెడివారము. 1940లో ఆ స్టేషనులోనే నాన్నగారు బెంగుళూరు పోవుటకై బండి యెక్కిరి. నా కప్పుడు ఏడేండ్లు. వారు చేరినది మద్రాసు సాపర్ల దళము. 1780లో పుట్టిన దళమది. సాపరు పని ముఖ్యముగా వంతెనలు కట్టుట, బాటలు వేయుట, మందుపాతర లేరివేయుట. కాలువగట్లు, లాకులు చూచుచు పెరిగిన డెల్టా మనిషికి ఆ పని క్రొత్తది కాదని నాన్నగారు తరువాత ననెడివారు.

పెద్దలారా, ఆ దినములలో సైన్యమున చేరుట చిన్నమాట గాదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్లిత్‌గో ప్రజాప్రతినిధుల నడుగకయే మన దేశమును యుద్ధములోనికి దింపెను. అందుకు నిరసనగా అక్టోబరులో మద్రాసున రాజాజీ మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. తాడేపల్లిగూడెము ప్రాంతపు మాధవరమువలె తరతరములుగా సైన్యమునకు పోవు గ్రామములో అది గౌరవము. మా తెనాలి తాలూకాలో జవాబు చెప్పుకొనవలసిన విషయము. మరి నాన్నగా రేల పోయిరి? 1930 తరువాత ధాన్యము ధరలు పడిపోయినప్పుడు చేసిన అప్పు మా యింట తీరలేదు. దేశభక్తి లేక కాదు, అప్పులవాడు తలుపు తట్టుటచేత పోయిరి.

నెలనెల మనియార్డరు వచ్చెడిది. జాబులపై సైనిక తపాలా ముద్రయే గాని ఊరిపేరుండదు. సెన్సారువారు కొట్టివేసిన నల్లని గీతలను దీపమున కడ్డముగా పట్టి చదువ యత్నించెడివాడను. ఒక్క యక్షరమును కనబడలేదు.

1942 వచ్చెను. ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మానుండి పారివచ్చిన తెలుగు కుటుంబములు కోస్తా జిల్లాలకు చేరెను. ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. బర్మా బియ్యము రాక నిలిచిపోవుటచే, వరి పండు సీమలోనే బియ్యపు ధర భయపెట్టసాగెను.

ఆగస్టు 12న తెనాలి స్టేషను వద్ద పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు మరణించిరి. వారి జ్ఞాపకార్థము రణరంగచౌకు నేటికిని ఉన్నది. మా మేనమామ ఖద్దరుధారి. ఆ రాత్రి వచ్చి, అరుగుమీదనే నిలిచి మా యమ్మ నడిగెను:

“అక్కయ్యా, ఇక్కడ మనవాళ్లను కాల్చే దొరలకే బావ అక్కడ వంతెనలు కడుతున్నాడు. ఏమంటావు?”

“ఆ డబ్బుతోనే నీ మేనల్లుడు బడికి పోతున్నాడురా. నన్నేం చెయ్యమంటావు?”

మామయ్య లోనికి రాలేదు. నాటినుండి మా యింట మంచినీళ్లైనను ముట్టలేదు. మనియార్డరు వచ్చిన దినమున అమ్మ వీధితలుపు చేరవేసి సంతకము పెట్టెడిది. బడిలో మీ నాన్న యెక్కడ నున్నాడని యెవరైన నడిగినచో, పొరుగూరు పోయిరని బొంకెడివాడను. ఆ మాట తలచినచో నేటికిని సిగ్గగును.

1946లో నాన్నగారు తిరిగివచ్చిరి. ఇటలీలో నుండిరట. యుద్ధాంతమునకు 25 లక్షలకు పెరిగిన భారతసైన్యములో వారొకరు. పతకములను పెట్టె యడుగున పడవేసిరి. మూడవనాడు మామయ్య వచ్చి అరుగుమీద కూర్చుండెను. చాలసేపు మాటలు లేవు. తుదకు నాన్నగారే తమ దళమునకు చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యమను తమిళుని కథ నెత్తిరి. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో సమీపమున మందుపాతర లేరుచుండగా, ఒకటి పేలబోవు క్షణమున ఆయన దానిమీద పడి, తోడివారిని కాపాడి, ప్రాణములు విడిచెను. జార్జి క్రాసు పతకము మరణానంతరము ఆయనకు దక్కెను.

“ఆయన ఏ దొర కోసమూ పడలేదయ్యా. పక్కనున్న మనిషి కోసం పడ్డాడు,” అని నాన్నగారు ఊరకుండిరి. కొంతసేపటికి, “తెనాలిలో కాల్చిననాడు నువ్వెక్కడ ఉన్నావు?” అని అడిగిరి.

మామయ్య చెప్పనారంభించెను. దీపములో నూనె తరుగువరకు ఇద్దరును మాటలాడుచునే యుండిరి. అమ్మ లోపల రెండు కంచములు వేసెను.