కూతలు చెప్పు చరిత్ర

గోలకొండ కోటను చూడబోయినవారెవరైనను ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి ఒకసారి చప్పట్లు చరువక మానరు. ఆ చప్పుడు దాదాపు ఒక కిలోమీటరు దూరమున, కొండ కొమ్మున నున్న బాలా హిస్సారు వద్ద వినబడును. ద్వారము వద్ద అలికిడి అయినదని పైవారికి తెలియుటకే ఈ ఏర్పాటు చేసిరని చెప్పుదురు. కంటికి కనబడని దానిని చెవి ముందుగా పసిగట్టగలదను ఈ చిన్న సత్యమే నేటి ప్రసంగమునకు మూలము. అయితే మన కథలో వచ్చిపోవువారు సైనికులు కారు. పక్షులు, గబ్బిలములు, కప్పలు. కావలి యుండునది మనిషి కాదు. చెట్టు కొమ్మకు కట్టిన చిన్న శబ్దగ్రాహక యంత్రము.

కోట నుండి పాత నగరమునకు వత్తము. చార్మినారునకు కూతవేటు దూరమున ముర్గీ చౌక్ అను పక్షుల అంగడి కలదు. కోళ్లు, పావురములు, పంజరపు చిలుకలు అమ్ముడగు ఆ వీధి పేరు హైదరాబాదు వాసులకు చిరపరిచితము. పూర్వము పక్షి గానమును ఇంట వినగోరువానికి ఒక్కటే మార్గముండెను: పక్షిని పట్టి పంజరమున పెట్టుట. గానము కావలెనన్న గాయకుని బంధింపవలసినదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి తరువాత జరిగిన సవరణలును మన దేశపు అడవి పక్షుల వర్తకమును నిషేధించినవి. కాని పంజరము తలుపు తెరచునది చట్టమొక్కటే కాదు. గొంతును మాత్రము పట్టి, పక్షిని విడిచిపెట్టు విద్య అంతకు ఎన్నడో పుట్టియుండెను.

ఆ విద్య పుట్టుకలోను మన దేశపు పక్షి యొకటి పాలుపంచుకొనుట విశేషము. 1889లో జర్మనీ దేశమున లుడ్విగ్ కోఖ్ అను ఎనిమిదేండ్ల బాలుడు, తండ్రి కానుకగా ఇచ్చిన ఎడిసన్ ఫోనోగ్రాఫు ముందు తన పెంపుడు పక్షిని పాడించి, ఆ పాటను మైనపు స్తంభికపై ముద్రించెను. ఆ పక్షి భారతదేశపు అడవులలో తిరుగు షామా. పక్షి కంఠమునకు సంబంధించి నేటికి నిలిచియున్న ముద్రణలలో అదియే మొదటిదని ప్రసిద్ధి. ఆ బాలుడే పెద్దవాడై, 1936లో నాజీల పాలన నుండి తప్పించుకొని ఇంగ్లండు చేరి, బి.బి.సి. రేడియో ద్వారా అడవి పక్షుల గానమును ఇంటింటికి చేర్చెను.

రేడియోకును ఈ చరిత్రలో పెద్ద పాత్రయే కలదు. 1924 మే మాసమున బి.బి.సి. వారు సర్రే ప్రాంతపు తోటలో మైకు నుంచి, బియాట్రిస్ హారిసన్ అను విదుషీమణి చెల్లో వాయించుచుండగా నైటింగేలు పక్షి గొంతు కలిపినదని ప్రసారము చేసిరి. శ్రోతలు పరవశులైరి. ఆ రాత్రి పాడినది పక్షియా, లేక పక్షి గొంతును అనుకరించు కళాకారిణియా అను సందేహము దాదాపు నూరేండ్ల తరువాత బయలుదేరినది. సత్యమేదైనను, విన్నదానికి సాక్ష్యము కావలెనను పాఠము అందున్నది. 1929లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు మాటాడు చలనచిత్రములకై వచ్చిన పరికరములను ఉద్యానవనమునకు తరలించి, స్వేచ్ఛగా తిరుగు పక్షుల కూతలను ఫిల్ముపై ముద్రించిరి. అప్పటినుండి కూత వినోదము మాత్రమే కాక, శాస్త్రమునకు ఆధారపత్రముగ కూడ మారినది.

ఆ కాలమున మన హైదరాబాదులో ఏమి జరుగుచుండెను? 1931లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వేకు పూనుకొనెను. నిజాము ప్రభుత్వము సహకరించినది. తరువాత దేశ ప్రసిద్ధుడైన ఆ శాస్త్రజ్ఞుడు నిర్వహించిన ప్రాంతీయ సర్వేలలో ఇది మొట్టమొదటిది. నాటి పద్ధతి తుపాకీ, కత్తి, కలము. పక్షిని కొట్టి, చర్మమును పదిలపరచి, చీటీ కట్టి, పెట్టెలో నుంచుట. ఆ పద్ధతిని నేటి కొలబద్దతో నిందింప పనిలేదు. ఆ చర్మములే నేటికిని మనకు నిక్కమైన ఆధారములు. 1935లో నిజాము ప్రభుత్వము నగరమందలి రేడియో కేంద్రమును తన చేతిలోనికి తీసికొనెను. ఒకే నగరమున ఒకవైపు పక్షుల శాస్త్రము, మరియొకవైపు శబ్దమును దూరతీరములకు పంపు యంత్రము ఉండినవి. ఆ రెండును కలిసియున్నచో నాటి దక్కను అడవుల ప్రాతఃకాలపు కలకలము నేడు మనము వినగలిగియుందుము. చర్మములు దక్కినవి, గొంతులు గాలిలో కలసినవి.

గొంతు దక్కుటకును దక్కకపోవుటకును గల భేదమెంతటిదో తెలియవలెనన్న కడప సీమలోని కలివికోడి కథ వినవలెను. ఇంగ్లీషు గ్రంథములు దీనిని జెర్డన్ కోర్సర్ అని పేర్కొనును. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన థామస్ జెర్డన్ దీనిని గుర్తింపగా 1848లో ఇది శాస్త్రలోకమున కెక్కినది. పెన్నా, గోదావరీ పరివాహక ప్రాంతములలో అచ్చటచ్చట కనబడి, 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట మరల జాడ లేదు. ఎనిమిది దశాబ్దములకు పైగా ఈ పక్షి అంతరించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించి, కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద స్థానిక వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగున ఈ పక్షిని ప్రాణముతో పట్టుకొనెను. అది బోనులో కొలది దినములకు మించి బ్రతుకలేదు. అయినను తన జాతి బ్రతికియున్నదని లోకమునకు చాటిపోయినది. దాని కొరకే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. 1987లో కన్నుమూసిన సాలిం అలీ ఈ శుభవార్తను చెవులార వినగలిగెను.

ఉన్నదని తెలిసినది, ఎన్ని ఉన్నవి, ఎక్కడ ఉన్నవి? ఇది కఠిన ప్రశ్న. కలివికోడి రాత్రించర పక్షి. ముళ్లపొదల నడుమ నేలపై తిరుగును, పగలు కదలదు, దాని రంగు మట్టి రంగులో కలసిపోవును. పరిశోధకులు పొదల నడుమ నేలను మెత్తగ చదునుచేసి, ఉదయమున దానిపై పాదముద్రలు వెదకిరి. ఈ పక్షికి వెనుకవ్రేలు లేదు, ముందు మూడు వ్రేళ్లే గనుక ఆ ముద్ర కొంత తెలియును. దారిన పోవు జంతువును తనంతట తానే చిత్రించు కెమెరాలను పెట్టిరి. తుదకు జెగనాథన్, వాటన్ అను పరిశోధకులు దాని కూతను పట్టి, ఆ తొలి ముద్రణల వివరములను 2004లో ప్రకటించిరి. ‘ట్విక్ టూ, ట్విక్ టూ’ అని రెండక్షరముల పిలుపు. సెకనుకు ఒకటి చొప్పున, రెండు మొదలు పదునారు పర్యాయముల వరకు. సూర్యాస్తమయమైన 45 నుండి 50 నిమిషములకు మొదలగును. కొద్ది నిమిషములు, హెచ్చుగా 20 నిమిషములు సాగును. అంతటితో ఆ సాయంకాలపు సభ ముగియును.

ఇందలి చిక్కు శ్రోతలకు స్ఫురించియే యుండును. ఒక మనిషి ఒక సాయంకాలము ఒక్కచోటనే నిలువగలడు. ఆ ఇరువది నిమిషములలో పక్షి పలుకకపోవచ్చును. మనిషి అలికిడికి జంకి మౌనము దాల్చవచ్చును. ముద్రించిన కూతను వినిపించి బదులు రప్పించు పద్ధతి కలదు గాని, పదే పదే చేసినచో పరాయి పక్షి వచ్చినదని అది కలతపడును. కావున మనిషి లేకుండ, పిలువకుండ, ఊరక వినుచుండు చెవి కావలసివచ్చినది.

స్వయంచాలక శబ్దగ్రాహకము అట్టి చెవియే. ఇందులో నాలుగు భాగములు ముఖ్యము: శబ్దమును విద్యుత్తుగా మార్చు మైకు, వేళను తెలుపు గడియారము, ధ్వనిని అంకెలుగా దాచుకొను స్మృతిఫలకము, బ్యాటరీ. సూర్యాస్తమయము తరువాత మేలుకొని, ఒక గంట విని, మరల నిద్రింపుమని దానికి ముందుగనే ఆజ్ఞ యిచ్చి చెట్టుకు కట్టివత్తురు. సెకనుకు 32,000 నమూనాల చొప్పున తీసినచో గంటసేపటి ధ్వనికి సుమారు 230 మెగాబైట్ల చోటు పట్టును. 64 గిగాబైట్ల ఫలకముపై దినమునకొక గంట చొప్పున తొమ్మిది మాసముల సాయంకాలములు ఇముడును. నడుమ బ్యాటరీలను మార్చుచుండిన చాలును. ఇంగ్లండు పరిశోధకులు రూపొందించిన ఆడియోమాత్ అను యంత్రము అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దది. మనిషి చెవి 20,000 హెర్ట్జులకు మించి వినలేదు. ఆ యంత్రము అంతకు ఎన్నియో రెట్లు పైనుండు గబ్బిలముల కూతలను కూడ పట్టగలదు. ఇరువది యంత్రములను ఇరువది తావులలో కట్టినచో ఒకే సాయంకాలము ఇరువదిమంది శ్రోతలు నిశ్శబ్దముగ కూర్చున్నట్లే.

వినుట ఒక యెత్తు, విన్నదానిని పోల్చుట మరియొక యెత్తు. వందలాది గంటల ధ్వనిని మనిషి కూర్చుండి వినజాలడు. అందుచే ధ్వనిని కంటికి కనబడు చిత్రముగా మార్తురు: అడ్డముగ కాలము, నిలువుగ స్థాయి. అలవాటుపడిన కన్ను ఆ చిత్రమున కోకిలను, తీతువును వేరుగా గుర్తించును. నేడు కంప్యూటరులును ఈ పని చేయుచున్నవి. కార్నెల్, కెమ్నిట్జ్ విశ్వవిద్యాలయములవారి బర్డ్‌నెట్ అను సాధనము ధ్వనిని మూడేసి సెకనుల తునకలుగా పరీక్షించి, ఇది ఫలానా పక్షి కావచ్చునని, నమ్మకమెంతయో అంకెతో సహా తెలుపును. కాని అది గురువు నేర్పిన పాఠమునే అప్పగించును. నేర్పుటకు నమూనా కూతలు కావలెను. అరుదైన పక్షి విషయమున నమూనాలును అరుదే. అందుచే తుది తీర్పు అనుభవజ్ఞుని చెవిదే.

మరియొక జాగ్రత్త కలదు. యంత్రము ‘ట్విక్ టూ’ అని వినిపించినచో పక్షి ఉన్నదని చెప్పవచ్చును. వినిపింపనిచో లేదని చెప్పరాదు. గాలి హోరు, వాన చినుకు, కీచురాళ్ల రొద కూతను కప్పివేయవచ్చును. పక్షి మైకునకు దూరముగ పలికియుండవచ్చును. ఆ నెల పలుకకయే యుండవచ్చును. చరిత్రకారుడు శాసనము దొరకలేదని రాజు లేడనడు గదా!

ఈ జాగ్రత్త పండితుల చర్చకు మాత్రమే సంబంధించినది కాదు. 2005లో తెలుగు గంగ కాలువ పనులకై కలివికోడి తిరుగు పొదలలో యంత్రములు త్రవ్వకము సాగించినవి. కొంత నెలవు పాడైనది. పరిశోధకులును, అటవీశాఖయు మేల్కొన్న పిమ్మట పని ఆగి, కాలువ మార్గము మారినది. నీరు ప్రజలకు కావలసినదే. దానిని ఎవరు కాదందురు? కాని ఇచ్చట ఈ పక్షి ఉన్నదని చూపు ఆధారములు అప్పటికి లేకున్నచో, మార్గము మార్చుడని అడుగుటకు నోరే ఉండెడిది కాదు. ప్రభుత్వము ముందు పక్షి తరఫున సాక్ష్యము పలుకునది పాదముద్ర, ఛాయాచిత్రము, కూత.

అటుపై చాల ఏండ్లు కలివికోడి జాడ తెలియరాలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశముననే పక్షి పరిశీలకులు దాని కూతను మరల విని, ముద్రించిరి. ఇరువది యేండ్ల నాటి ఆ తొలి ముద్రణ దాచబడియుండుటచే, విన్నది కలివికోడియే యని పోల్చుకొనుటకు ఒరగల్లు దొరకినది. ఒకనాటి శ్రమ మరియొకనాటికి సాక్ష్యమగుట అనగా ఇదియే.

ఇక పాత నగరమునకు ఈ పాఠము ఏమి చెప్పుచున్నది? 21 అర్ధచంద్రాకారపు కమానులతో 19వ శతాబ్ది తొలినాళ్లలో కట్టిన మీరాలం చెరువు నేటికిని ఉన్నది. దాని ప్రక్కనే 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల కలదు. ఆ చెరువు కట్ట ఎట్లున్నదో చూపుటకు పాత ఛాయాచిత్రములు కలవు. నూరేండ్ల క్రిందట ఆ కట్టపై తెల్లవారుజామున ఏయే గొంతులు వినబడెనో తెలుపు ముద్రణ మాత్రము మనకు లేదు. నేడొక యంత్రము నుంచి ఉదయమున గంటసేపు వినిపించినచో, ఏడాది అంతయు కలిపి 84 గిగాబైట్లు. అరచేతిలో ఇముడు పెట్టె చాలును. అయితే నగరమున మైకు పెట్టునపుడు మనుష్యుల మాటలును అందు పడును. కావున ఎవరి సంభాషణను దాచుకొనరాదను నియమము ముందుగ ఏర్పరచుకొనవలెను; జనావాసములకు దూరముగ, ఎల్లరకు తెలియునట్లు బోర్డు కట్టి పెట్టవలెను. తేదీ, తావు, వేళ, వాతావరణము చీటీపై వ్రాయవలెను. చీటీ లేని చర్మము మ్యూజియమునకు ఎట్లు పనికిరాదో, చీటీ లేని కూతయు అట్లే.

ఇది కళాశాలలకును, ఓపిక గల గృహస్థులకును అసాధ్యమైన పని కాదు. 1931లో హైదరాబాదునకు సర్వే ఉండెను. ఈ చెవి లేదు. నేడు చెవి కలదు. దానిని ఎచ్చట నుంచుదుమో, విన్నదానిని ఎంత పదిలముగ దాచుదుమో, దానిని బట్టియే మన మనుమలకు ఈ నగరపు పక్షుల చరిత్ర దక్కును.