కత్తెర వేసి నేర్పిన ఆసనం

జూన్ 21 దగ్గర పడుతోందంటే పత్రికాఫీసుల్లో యోగా మీద వ్యాసాల కోసం వేట మొదలవుతుంది. 2025లో విశాఖ తీరం పొడవునా లక్షల మంది ఆసనాలు వేసిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు. నా ధ్యాసంతా ఆ ఫొటోల్లో లేనివాళ్ల మీదే. మోకాళ్లు పట్టేసి, నడుం వంగక, భుజం పైకి లేవక ఇంట్లో ఉండిపోయినవాళ్ల మీద. సాగదీసే వ్యాయామానికి వాళ్లతో చుట్టరికం పాతదే.

చైనాలోని మవాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టువస్త్రం క్రీ.పూ. 168 నాటిది. దాని మీద 44 మంది వంగుతూ, ఒళ్లు విరుస్తూ కనిపిస్తారు. ఒక బొమ్మ పక్కన అది మోకాలి నొప్పికని రాసి ఉంది. మన సుశ్రుతుడేమో, వ్యాయామం ఒంట్లో ఉన్న బలంలో సగం మేరకే చేయాలని, మించితే రోగాలు తప్పవని హెచ్చరించాడు. తర్వాతి శతాబ్దాల్లో ఎవరి నడుం ఎప్పుడు పట్టేసిందో రాసిపెట్టినవాళ్లు తక్కువ. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం పెట్టాడని ఒక్క మాట అనుకుని, నాకిష్టమైన మైసూరుకు వచ్చేస్తాను.

బి.కె.ఎస్. అయ్యంగార్ 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారు. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెనక ఒకటి పీడించిన బక్క పిల్లాడు. పదిహేను, పదహారేళ్ల వయసులో మైసూరులో ఉన్న అక్క ఇంటికి చేరాడు. బావ అంటే మనకు సరసాలాడే చుట్టం కదా! ఈ బావ ఎదుట నవ్వడానికే భయం. ఆయన మహారాజు అండతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్య. ఓసారి హనుమానాసనం వేయమన్నారు. ఒక కాలు ముందుకీ, ఇంకొకటి వెనక్కీ బారజాపి నేలకు ఆనాలి. కుర్రాడు భయపడి, నిక్కరు బిగుతుగా ఉంది, కుదరదని సాకు చెప్పాడు. బావగారు కత్తెర తెప్పించి నిక్కరు రెండు పక్కలా కత్తిరించారు. సాకు పోయింది, ఆసనం వేయక తప్పలేదు. తొడ వెనక కండరాలు చిట్లి చాలాకాలం సరిగా నడవలేకపోయాడు. సుశ్రుతుడి 'సగం' మాట అంత పండితుడికి తెలియదనుకోను!

ఆ కుర్రాడే 1937లో పాఠాలు చెప్పడానికి పుణె వెళ్లి, పోనుపోను వంగని ఒళ్లకు పనికొచ్చే సరంజామా కూర్చాడు. చెక్క ఇటుకలు, గోడకు తాళ్లు, మడత కుర్చీలు, బెల్టులు. వెల్లకిలా పడుకుని, పాదానికి బెల్టు తగిలించి, రెండు చివర్లూ చేత్తో పట్టుకుని కాలు మెల్లగా పైకి తేవాలి. చెయ్యి పాదాన్ని అందుకోవాలన్న పట్టింపు ఉండదు. తొడ వెనక కండరం ఎంతవరకు ఒప్పుకుంటే అంతే. 1952లో బొంబాయిలో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ఒళ్లునొప్పులతో, నిద్రలేమితో ఆయన చేతికి చిక్కాడు. ఆ స్నేహంతోనే అయ్యంగార్ ఐరోపా వెళ్లారు. 1966లో వచ్చిన ఆయన 'లైట్ ఆన్ యోగా'కు ముందుమాట రాసింది మెనూహినే.

ఇక్కడి నుంచి కథ చెల్లాచెదురు. ఫిజియోథెరపీ ఒక దారి, జిమ్ ఒక దారి, ఫోన్‌లో వీడియోలు ఇంకో దారి. 2011లో అమెరికాలో దీర్ఘకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 228 మందిపై ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరికి యోగా, కొందరికి మామూలు స్ట్రెచింగ్ తరగతులు, మిగతావాళ్లకు పుస్తకం. పుస్తకం చదువుకున్నవాళ్లకంటే తరగతులకు వెళ్లినవాళ్లే మెరుగుపడ్డారు. యోగా, స్ట్రెచింగ్ మాత్రం ఇంచుమించు సమఉజ్జీలుగా తేలాయి. యోగాభిమానులకు ఇది రుచించకపోవచ్చు. ఫిజియోథెరపిస్టులు మాత్రం ఆ గొడవలోకి పోకుండా, బెల్టు లేకపోతే తువాలైనా సరే, పాదానికి తగిలించి లాగమంటున్నారు.