నౌక దొరికింది, వెంటనే బదులివ్వు

ఫ్యానీ స్టీవెన్సన్‌కి సముద్రం అస్సలు పడదు. ఓడ కాస్త ఊగితే చాలు, మంచం పట్టేది. అలాంటి మనిషి 1888లో, తన 48వ ఏట, శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని అద్దె ఓడ కోసం వాకబు చేస్తోంది. ఏదో ఒకటి అంటే కుదరదు. నెలల తరబడి పసిఫిక్ మీద తిరగగలగాలి. ఒక రోగికీ, 59 ఏళ్ల అత్తగారికీ అందులో సుఖంగా ఉండాలి. అదీ ఇప్పటికిప్పుడు కావాలి.

రోగి ఆమె భర్త రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్. నండూరి రామమోహనరావు 'కాంచనద్వీపం'గా తెలుగులోకి తెచ్చిన 'ట్రెజర్ ఐలాండ్' రాసిన మనిషే. జెకిల్, హైడ్ కథతో అప్పటికి రెండేళ్లుగా అమెరికాలోనూ పేరు మోగిపోతోంది. ఒంటికి మాత్రం ఆ పేరు ఏమీ ఒరగబెట్టలేదు. దగ్గితే నెత్తురు పడేది. అంతకుముందు చలికాలమంతా న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లో, శారనాక్ లేక్ అనే ఊళ్లో గడిపారు. క్షయరోగులకి చికిత్స చేసే డాక్టర్ ట్రూడో ఊరది. ఎముకలు కొరికే ఆ చలి లూయిస్‌కి కాస్త మేలే చేసింది గానీ ఫ్యానీకి నరకం చూపించింది. మార్చి నెలాఖరున ఆమె కాలిఫోర్నియా బయలుదేరింది. అటు వెళ్తున్నావు కదా, మంచి యాట్ ఏదైనా అద్దెకి దొరుకుతుందేమో చూడు అని ఆయన అడిగాడు.

ఈ కోరిక ఊరికే పుట్టలేదు. ఆ శీతాకాలమే మెక్‌క్లూర్ అనే పత్రికల వ్యాపారి శారనాక్ వచ్చి, దక్షిణ సముద్రాల్లో తిరుగుతూ ఉత్తరాలు రాయండి, నేను పత్రికలకి అమ్మిపెడతాను అని ఆశపెట్టి వెళ్లాడు. ఇక మంట దగ్గర చలికాచుకుంటూ ఇంటిల్లిపాదీ పటాలు పరుచుకుని దీవుల పేర్లు చదువుకోవడమే పని. చేతిలో డబ్బు కూడా ఉంది. 1887 మేలో తండ్రి పోయాక మూడు వేల పౌన్లు చేతికొచ్చాయి. జీవితమంతా తండ్రి సాయం మీద నెట్టుకొచ్చిన వాడికి అది మొదటి పెద్ద మొత్తం.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎదురుగా, అఖాతానికి ఆవలి ఒడ్డున ఓక్లాండ్. అక్కడ డాక్టర్ శామ్యూల్ మెరిట్ అని ఒక కోటీశ్వరుడు, ఒకప్పటి నగర మేయరు. ఇప్పటికీ ఆ ఊరి నడిబొడ్డున ఉన్న లేక్ మెరిట్ ఆయన పేరిటే ఉంది. ఆయనకి 'కాస్కో' అనే విహార నౌక ఉంది. రెండు కొయ్యల స్కూనరు, 95 అడుగుల పొడుగు, 70 టన్నుల పైచిలుకు. పందేలకి కట్టించుకున్నది. తెల్లటి డెక్కు, తెల్లటి తెరచాపలు, తళతళలాడే ఇత్తడి. లోపలి గదిలో పట్టు, మఖమల్, నిలువుటద్దాలు. కట్టించేటప్పుడు డబ్బుకి వెనకాడలేదన్న సంగతి చూడగానే తెలిసిపోతుంది.

ఫ్యానీ అడిగింది. మెరిట్ ఒప్పుకోలేదు. తన ఓడని ఎవరో రచయితకి, అందులోనూ పేపర్లలో వింత మనిషని చదివిన వాడికి అద్దెకివ్వడం ఆయనకి నచ్చలేదు. ఆమె వదల్లేదు. ఎలా ఒప్పించిందో మాటకి మాటగా మనకి దక్కలేదు. ఆ తర్వాత ఆమె భర్తకి కొట్టిన టెలిగ్రాం మాత్రం దక్కింది. మాట మాటకీ డబ్బు కట్టే రోజులు కాబట్టి అందులో వర్ణనలు లేవు. కాస్కో అనే మంచి యాట్ నెలకి 750 డాలర్లకి దొరుకుతుంది. వెనక ఆరుగురికి, ముందు ఆరుగురికి హాయిగా చోటుంది. పది రోజుల్లో సిద్ధమవుతుంది. వెంటనే బదులివ్వు. అంతే.

లూయిస్ అప్పుడు న్యూజెర్సీ తీరంలో మనాస్క్వాన్ అనే చిన్న ఊళ్లో ఉన్నాడు. ఓడని చూడలేదు. ఓడ గురించి చెప్పగల వాళ్లెవరూ దగ్గర లేరు. ఆయనకి తెలిసిందల్లా భార్య పంపిన ఆ నాలుగు ముక్కలే. బంగారు తల్లీ, తీసేసుకో, పది రోజుల్లో వచ్చేస్తాం అని బదులు కొట్టాడు.

స్టీవెన్సన్ జీవిత చరిత్రల్లో ఈ ఘట్టం రాగానే రచయితలందరికీ పూనకం వస్తుంది: ఎంత తెగువ, ఎంత సాహసం! నా మటుకు నాకు తెగువ ఆ బదులులో కన్నా ముందు వెళ్లిన టెలిగ్రాంలో ఎక్కువ కనిపిస్తుంది. తీసేసుకో అన్నవాడికి సముద్రమంటే ప్రాణం. ఒప్పందం కుదిర్చి, సామాన్లు కట్టించి, నెలల తరబడి ఆ ఊగే గదిలో వాంతులు చేసుకోబోయేది ఆమె.

తను చేస్తున్నదేమిటో ఆయనకీ తెలుసు. మే 11న ఎడిన్‌బరోలోని లాయరు మిత్రుడు చార్లెస్ బాక్స్‌టర్‌కి రాసిన ఉత్తరంలో లెక్క దాచకుండా చెప్పాడు. ఏడు నెలల ప్రయాణం, రెండు వేల పౌన్ల ఖర్చు. ఆరోగ్యం తిరిగి రాకపోతే ఇది పిచ్చితనమే. డబ్బూ పోతుంది, ఇక బాగుపడనన్న సంగతీ తేలిపోతుంది. మూడు వేలలో రెండు వేలు ఒక్క పందెం మీద పెట్టేశాడన్నమాట.

జూన్ 7న రైల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు లూయిస్, తల్లి మార్గరెట్, ఫ్యానీ కొడుకు 20 ఏళ్ల లాయిడ్, పనిమనిషి వాలెంటీన్. ఒప్పందం ఖాయం చేసే ముందు మెరిట్ ఈ వింత మనిషిని ఒకసారి కళ్లారా చూస్తానన్నాడు. చూశాడు, మాట్లాడాడు. పేపర్లలో చదివి తిక్కమనిషి అనుకున్నాను గానీ తెలివిగా, తిన్నగా మాట్లాడే మనిషే అని తేల్చాడు. కెప్టెన్‌గా మాత్రం తన మనిషి ఆల్బర్ట్ ఓటిసే ఉండాలన్నాడు.

బాక్స్‌టర్‌కి రాసిన ప్రకారం జూన్ 15న లంగరెత్తాలి. పది రోజుల్లో సిద్ధమయ్యే ఓడ చివరికి జూన్ 28 తెల్లవారుజామున గోల్డెన్ గేట్ దాటింది.

పెళ్లికి అద్దె కారు మాట్లాడుకునేవాడు సీట్ల కవర్లు చూస్తాడు గానీ టైర్లు తట్టి చూడడు. హడావుడిలో కుదిరిన ఈ బేరంలోనూ జరిగింది అదే. గదులు బాగున్నాయి. పడకలు బాగున్నాయి. నీళ్లు తోడే పంపు ఒక్కటే ఉంది, అదీ చిన్నది, దాదాపు పనికిరానిది. డెక్కు మీద కూర్చునే గుంత అలలకి తెరిచిపెట్టినట్టే ఉంటుంది. ముందు తెరచాపల అమరిక పందేలకి వేసింది, దూర ప్రయాణానికి కాదు. తెరచాప కొయ్యలు గట్టిగా ఉన్నా తుపాను గాలికి నిలిచే రకం కావు. గట్టిగా ఉన్నాయో లేదో చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఓటిస్ ముక్కుసూటి మనిషి. మొదట్లో ఈ ప్రయాణికుల మీద ఆయనకి పెద్ద గౌరవం ఏమీ లేదు. పెద్దావిడ తీరిగ్గా డెక్కు మీద కూర్చునేది, కెరటాలు పక్కనే లేస్తుండేవి. ఆవిడ గనక సముద్రంలో పడిపోతే ఏం చేస్తారని ఎవరో అడిగితే, ఓడ దినచర్య పుస్తకంలో రాస్తానన్నాడట. ఈ మాటకి స్టీవెన్సన్ కుటుంబం నొచ్చుకోలేదు సరికదా, జీవితాంతం చెప్పుకుని నవ్వుకుంది. తర్వాత లూయిస్, లాయిడ్ కలిసి రాసిన 'ద రెకర్' నవలలో కెప్టెన్ నేర్స్ పాత్ర ఈ ఓటిసే.

మూడు వేల మైళ్ల తర్వాత, జులైలో, మార్కెసస్ దీవుల్లో నుకుహివా కనిపించింది. అనాహో అఖాతంలో లంగరు వేయగానే దీవి జనం పడవల్లో వచ్చి ఓడ నిండా ఎక్కారు. మఖమల్ దిండ్లకి అసలైన ఆదరణ దొరికింది ఇక్కడే. ఒకావిడ గుడ్డ పైకెత్తి, ఆనందంతో కేకలు పెడుతూ, ఆ మఖమల్ మీద ఒళ్లు రుద్దుకుందని స్టీవెన్సన్ మురిపెంగా రాసుకున్నాడు. మెరిట్ డాక్టరు చూసి ఉంటే ఏమనేవాడో.

అక్కణ్ణుంచి పౌమోతు పగడపు దీవులు, సెప్టెంబరు నెలాఖరుకి తాహితీలో పపీటే. అక్కడ లూయిస్ ఒక్కసారిగా కూలిపోయాడు. మళ్లీ జ్వరం, మళ్లీ నెత్తురు. ఇక లాభం లేదనుకుని ఓటిస్‌ని పిలిచి, తను పోతే ఈ ప్రయాణం లెక్కలు ఎలా ముగించాలో తొణక్కుండా చెప్పాడు. పపీటే గాలి పడటం లేదని, కాస్త లేవగానే దీవికి అవతలి వైపు తీసుకెళ్లాలని తీర్మానించారు. ఎదురుగాలిలో పగడపు గట్లకి కొట్టుకోబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంటూ తారవావో చేరారు. అక్కడ ఫ్యానీ ఒక చైనావాడి దగ్గర గుర్రపు బండి సంపాదించి, సగం ప్రాణంతో ఉన్న భర్తని అందులో వేసుకుని తౌతీరా అనే పల్లెకి చేర్చింది. ఓడ కుదిర్చిన మనిషే బండీ కుదిర్చింది.

తౌతీరాలో మోయె అనే రాచకుటుంబపు స్త్రీ వచ్చి పచ్చి చేపని నిమ్మరసం, కొబ్బరిపాలలో వేసి తినిపించింది. రోగి లేచి కూర్చున్నాడు. ఊరి పెద్ద ఓరి తన ఇల్లే వాళ్లకిచ్చాడు. ఆరడుగులు దాటిన మనిషి. లూయిస్‌తో పేర్లు మార్చుకుని అన్నదమ్ముల వరస కలుపుకున్నాడు.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. బయలుదేరే రోజు దగ్గర పడుతోంది. పెద్దావిడ ఊరి ఆడవాళ్లని ఓడ మీదకి విందుకి పిలిచింది. తిన్నారు, తిరిగారు, వెళ్లే ముందు వాళ్లలో ఒక ముసలమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. ఈ మంచి మనుషుల్ని క్షేమంగా చేర్చు తండ్రీ, ఈ ఓడలో లోపమేదైనా ఉంటే ముందే బయటపెట్టు అని వేడుకుంది. ఇలాంటివి ఓటిస్‌కి గిట్టవు. తన ఓడలో లోపమా? చిరాకు పడుతూ అటూ ఇటూ పచార్లు చేశాడు. వాళ్లు దిగిపోయాక, అనుమానమో, పౌరుషమో, పెద్ద కొయ్యని పరీక్షించాడు. పైన రంగు నిగనిగలాడుతోంది. లోపల చెక్క కుళ్లి పొడి అయిపోయింది.

గట్టి గాలివాన ఒక్కటి తగిలి ఉంటే ఆ కొయ్య తెరచాపలతో సహా విరిగి పడేది. ఆ తర్వాత ఆ ఒక్క పంపుతో ఏం చేసేవారో ఊహించడం కష్టం కాదు. నెలల తరబడి, వేల మైళ్లు, వాళ్లు ఆ కొయ్య కిందే నిద్రపోయారు. ముసలమ్మ ప్రార్థన వల్లే బయటపడిందా అంటే నమ్మేవాళ్లు నమ్మొచ్చు. నాకు మాత్రం చిరాకుపడ్డ కెప్టెన్ పనికొచ్చాడనిపిస్తుంది.

ఓటిస్ మరమ్మతు కోసం ఓడని మెల్లగా పపీటేకి తీసుకెళ్లాడు. వారాలు గడిచాయి. కబురు లేదు. ఓడతో పాటే సరుకులూ పోయాయి. ఇంతమంది ఓరి ఇంట్లో తింటున్నారన్న దిగులు లూయిస్‌ని తినేయసాగింది. ఓరి చెప్పిన మాట ఫ్యానీ ఒక ఉత్తరంలో రాసిపెట్టింది. నువ్వు నా తమ్ముడివి, నాదంతా నీదే, మీ తిండి అయిపోయిందని నాకు తెలుసు, చేపలూ చేమదుంపలూ నా దగ్గర బోలెడున్నాయి, ఓడ వచ్చేదాకా ఇక్కడే ఉండండి, ఏడవొద్దు అన్నాడట. అది విని లూయిస్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత ఓరి తనే కుర్రాళ్లని వేసుకుని, వాతావరణం బాగాలేకపోయినా, ఓడ సంగతేమిటో కనుక్కోవడానికి పడవ మీద పపీటే వెళ్లాడు. నెలకి 750 డాలర్ల నౌకని అద్దెకి తీసుకున్న కుటుంబం దాదాపు రెండు నెలలు పైసా తీసుకోని మనిషి ఇంట్లో బతికింది.

క్రిస్మస్ రోజున కాస్కో తౌతీరా వదిలింది. గాలి పడిపోయి కొన్నాళ్లు, గాలి విరుచుకుపడి కొన్నాళ్లు, తిండి దాదాపు అడుగంటి, 1889 జనవరి 24న హొనొలులు చేరింది. అక్కడే లూయిస్ అద్దె ముగించి ఓడని తిప్పి పంపేశాడు.

ఫిబ్రవరిలో పెదనాన్న కొడుకు బాబ్‌కి ఉత్తరం రాశాడు. పందెం గెలిచాననే చెప్పాడు. ఒళ్లు బాగుపడింది, రాయడానికి సరుకు దొరికింది, సరదా సరే సరి. అయినా నేల మీద అడుగుపెట్టినందుకు ఎంత హాయిగా ఉందో అన్నాడు. కొన్ని రోజులు తప్పు చేశాననిపించింది, ఇంటి యజమానిగా ఉండటానికి తగనేమో అనిపించిందని కూడా దాచుకోలేదు. అమ్మ మహా కులాసాగా తిరిగింది, లాయిడ్ బ్రహ్మాండం, అందరికన్నా ఎక్కువ బాధపడింది నా భార్యే అని రాశాడు.

కాస్కో ఆ తర్వాత చేతులు మారి, సీల్ వేటకీ సరుకులకీ తిరిగి, 1919లో బేరింగ్ సముద్రంలో కింగ్ ఐలాండ్ దగ్గర పగిలిపోయింది. లూయిస్, ఫ్యానీ మాత్రం అప్పుడు ఇంగ్లండ్ తిరిగి వెళ్లలేదు. 1889 జూన్‌లో హొనొలులులోనే ఇంకో ఓడ మాట్లాడుకున్నారు. పేరు 'ఈక్వేటర్'. దీవుల మధ్య కొబ్బరి కురిడీలు మోసే సరుకుల స్కూనరు. మఖమల్ లేదు, నిలువుటద్దాలు లేవు. నెల అద్దె కాకుండా ఒకే మొత్తం ముందుగా కట్టారు. ఈసారి ఒప్పందంలో షరతు రాయించింది అద్దెకి తీసుకున్నవాళ్లు: ఎక్కడైనా సరే, అయిదు నిమిషాలకైనా సరే లంగరు దిగితే, అక్కడ మూడు రోజులు ఓడని ఆపుకునే హక్కు స్టీవెన్సన్‌ది, దానికి అదనంగా ఒక్క డాలరు కూడా ఇవ్వక్కర్లేదు. ఫ్యానీ మళ్లీ సామాను సర్దింది. డిసెంబరులో సమోవా చేరేలోపు ఒక గాలివానకి ఈ ఓడ ముందు కొయ్య పైభాగం విరిగిపోయింది.